క్యాసెట్ల పళ్ళ డాక్టరు

పళ్ళున్న క్యాసెట్ కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. ఎవరిది, ఎందుకు తెచ్చారు, అందులో ఏముంది అని అడిగేలోపే టక్, టక్ అని రెండు చప్పుళ్ళు వినబడతాయి. అంతే, ఆ క్యాసెట్ బోసిదైపోతుంది.

క్యాసెట్ వెనక అంచుకు ఈ మూలొకటి ఆ మూలొకటి చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి చూడండి, వాటినే ఆయన పళ్ళు అంటాడు. అవి ఉన్నంతకాలం ఆ క్యాసెట్ మీద రికార్డు చేసుకోవచ్చు, పాతది చెరిపి కొత్తది నింపుకోవచ్చు. విరిచేస్తే మాత్రం రికార్డు చేసే ఎర్రబొత్తాం ఎంత నొక్కినా కిందికి దిగదు. ఉన్నది ఉన్నట్టుండిపోతుంది. టేప్‌రికార్డర్లు బాగుచేసే ప్రతి మెకానిక్కుకూ ఈ సంగతి తెలుసు. కానీ దాన్నొక వ్రతంగా పట్టినవాడు ఈయనొక్కడే. అందుకే వీధివీధంతా ఆయన్ని పళ్ళ డాక్టరు అనేది. ఆయన పీకిన పళ్ళన్నీ బల్లమీద ఒక గాజుసీసాలో ఉండేవి. సీసా నిండినప్పుడల్లా ఇంకా పెద్ద సీసా వచ్చేది.

ఒకసారి సామాన్ల కొట్టు యజమాని పది కొత్త క్యాసెట్లు కొనుక్కుని వెళ్తూ, టార్చిలైటు బల్బు కోసం ఈయన కొట్టులో ఆగాడు. క్యాసెట్లు బల్లమీద పెట్టి బల్బు వెలుగుతోందో లేదో చూసుకునే లోపల ఇరవై పళ్ళూ సీసాలోకి చేరాయి.

"ఏంటండీ ఈ పని! అవి ఖాళీవండీ! ఇంకా ఏమీ రికార్డు చెయ్యలేదు!"

"ఇప్పుడు భద్రంగా ఉన్నాయి," అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఏం భద్రం? లోపల ఏమీ లేదు కదా!"

"ఆ ఏమీ లేకపోవడం భద్రంగా ఉంది. ఎవరూ చెరపలేరు."

తర్వాత ఆయనే కూర్చుని పది క్యాసెట్ల కన్నాలమీదా కాగితం ముక్కలు అంటించి ఇచ్చాడనుకోండి. కన్నం మూస్తే బొత్తాం మళ్ళీ దిగుతుంది, అదొక వెసులుబాటు. కానీ కాగితం అంటిస్తున్నంతసేపూ దొంగకు తాళంచెవి ఇస్తున్నవాడిలా ముఖం పెట్టాడట.

చుట్టాలింటికి వెళ్ళినా అదే వరస. వియ్యంకుడు ముచ్చటపడి తన క్యాసెట్ల అలమారా తెరిచి చూపించి, టీ తెమ్మని చెప్పడానికి వంటింట్లోకి వెళ్ళొచ్చేసరికి కింది రెండు అరలూ బోసినోళ్ళతో కనబడ్డాయి. రెండోసారి వెళ్ళేసరికి అలమారాకు తాళం వేసుంది. "దొంగల భయం కాదు బావగారూ, మీ భయమే," అని వియ్యంకుడు మొహమాటం లేకుండా చెప్పేశాడు. అసలు పళ్ళ డాక్టరొకాయన, అంటే మనుషుల పళ్ళు చూసేవాడు, తన టేప్‌రికార్డర్ బాగుచేయించుకోవడానికి వచ్చి, "మేం నొప్పి పుడితేనే పీకుతామండీ," అన్నాడు. "అక్కడే తప్పు చేస్తున్నారు, నేను నొప్పి పుట్టకముందే పీకుతాను," అన్నాడీయన.

ఈ వైభవమంతా దగ్గరుండి అనుభవించింది పక్కకొట్టు టైలరమ్మ. రెండు కొట్లకూ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్కబల్లల తడిక. అటు తుమ్మితే ఇటు దారం కదిలేది. పదకొండేళ్ళుగా ఆమె కుట్టుమిషను తొక్కుతూ, తడిక అవతల జరిగే పాఠం వింటూ వచ్చింది. అవును, పాఠమే. పళ్ళు పీకడం ఒక ఎత్తయితే పాఠం ఒక ఎత్తు. బాగుచేసిన టేప్‌రికార్డర్‌ను ఆయన ఊరికే ఇవ్వడు. శబ్దం ఎలా పుడుతుందో చెప్పి, తిరిగి అప్పజెప్పించుకుని, అప్పుడిస్తాడు.

ఒకరోజు పాటల టీచరు గాభరాగా వచ్చింది. "నా గొంతు నీళ్ళలో మునిగినట్టు వస్తోందండీ. నిన్నటిదాకా బాగానే ఉంది."

"మీ గొంతుకేం కాలేదు, బెల్టు సాగింది. కొత్తది వేశాను. ఇంతకీ మీ గొంతంటే ఏమిటో తెలుసా? తుప్పు."

"ఏమన్నారూ?"

టైలరమ్మ మిషను ఆపి, పెదవి బిగబట్టుకుంది.

"కోపం తెచ్చుకోకండి టీచరుగారూ, ఎవరి గొంతైనా తుప్పే. ఈ రీలు చూడండి. ప్లాస్టిక్ రిబ్బను, దానిమీద మెత్తగా నూరిన ఇనప తుప్పు. ప్రతి రేణువూ ఒక చిన్న అయస్కాంతం. మీరు పాడినప్పుడు అవన్నీ ఒక వరసలో తిరిగి కూర్చున్నాయి. పైస్థాయిలో ఒక వరస, కిందిస్థాయిలో ఒక వరస. అంతే, అక్కడ పాటేమీ లేదు."

"మరి పాట ఎక్కడినుంచి వస్తోంది?"

"అలా అడగండి! ఈ ఉక్కుపుల్ల, ఈ రబ్బరు చక్రం కలిసి రీలును పట్టి లాగుతాయి. సెకనుకు రెండు అంగుళాల లోపు. తగ్గితే మీరు మగగొంతుతో పాడతారు, పెరిగితే ఉడతలా పాడతారు. అలా లాగిన రీలు ఈ తలను, అదే హెడ్డును, రాసుకుంటూ పోతుంది. తలలో ఒక సన్నని సందుంది, వెంట్రుక కూడా పట్టదు. సందు ముందునుంచి అయస్కాంతాలు వరసగా నడిచిపోతుంటే తలలో చుట్టిన తీగలో కరెంటు పుడుతుంది. ఎంత కరెంటు? చీమ కూడా ఉలిక్కిపడదు. దాన్ని ఈ పలక వేలరెట్లు పెంచి స్పీకరుకు పంపిస్తుంది. స్పీకరులో ఏముంది? ఒక తీగచుట్ట, ఒక అయస్కాంతం, ఒక కాగితం గరాటు. కరెంటు ఊగినట్టు కాగితం ఊగుతుంది, కాగితం ఊగినట్టు గాలి ఊగుతుంది. గాలి మీ చెవిని తట్టాక గానీ శబ్దమనేది లేదు. అప్పటిదాకా అది ఒట్టి లెక్క."

"అబ్బో," అంది పాటల టీచరు, చేయి చాపుతూ.

ఆయన టేప్‌రికార్డర్‌ను వెనక్కి లాక్కున్నాడు. "పెట్టెలో ఎవరున్నారు?"

"ఎవరుంటారు, నేనే."

"మళ్ళీ మొదటికొచ్చారు! ఎవరూ లేరు. ఏముంది?"

"తుప్పు," అంది ఆవిడ, నీరసంగా.

"ఇంకా?"

"తీగ, కాగితం," అంటూ తడిక ఇవతలినుంచి టైలరమ్మ అందించింది. "ఇచ్చి పంపించండి బాబాయిగారూ, ఆవిడ పిల్లలు బడిలో ఎదురుచూస్తుంటారు!"

ఇలా టైలరమ్మ అందించిన జవాబులతో ఎందరు గట్టెక్కారో లెక్కలేదు. ఆమెకు ఆ పాఠం కంఠతా వచ్చేసింది. వినగా వినగా అభిమానం పుట్టిందా అంటే, పుట్టింది గానీ అది పైకి చెప్పుకోదగ్గంత లేదు. ఎందుకంటే పళ్ళ డాక్టరు దెబ్బ అందరికీ ఒక్కసారి తగిలితే ఆమెకు ఏటా మూడుసార్లు తగిలేది.

ఆమె భర్త సరుకుల ఓడలో, ఇంజను గదిలో పనిచేస్తాడు. ఇంటికి వచ్చేది ఎప్పుడో, ఉండేది ఎన్నాళ్ళో ఆ ఓడకే తెలియాలి. ఉత్తరం రాయమంటే ఆయనకు బద్ధకం, మాట్లాడమంటే మాత్రం ఆపడం కష్టం. అందుకని భార్యాభర్తలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. మధ్యలో ఒకే ఒక్క మంచి క్యాసెట్. ఆయన రెండువైపులా మాట్లాడి, రేవు చేరగానే పోస్టులో పంపిస్తాడు. ఇంట్లో అందరికీ వినిపించాల్సింది వినిపించి, తనకోసం చెప్పింది తానొక్కతే విన్నాక, ఆమె అదే క్యాసెట్ మీద రెండువైపులా తన మాటలు నింపి తిప్పి పంపిస్తుంది. ఆయన మాట మీద ఆమె మాట, ఆమె మాట మీద మళ్ళీ ఆయన మాట. ఆరేళ్ళుగా వాళ్ళ సంసారం ఆ గంటసేపటి రీలు మీదే నడిచింది. ఎవరైనా, "అయ్యో, ఆయన మాటలు చెరిపేస్తావా?" అంటే, "మళ్ళీ చెప్తాడుగా, ఆయనకు మాటలకు కరువా?" అనేది.

సముద్రపు గాలి తిన్న క్యాసెట్‌ను నేరుగా పెట్టెలో వేస్తే రీలు నమిలేస్తుందని, ముందు తన దగ్గర ఒకసారి తిప్పించుకోవాలని పళ్ళ డాక్టరు షరతు. సరే అని పోస్టు రాగానే తీసుకెళ్ళి ఇచ్చేది. ముందుకీ వెనక్కీ తిప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఈయన గంట చేసేవాడు. తిరిగొచ్చేసరికి, రికార్డు చేసుకోవడానికి ఆమె కిందటిసారి అంటించిన కాగితం ముక్కలు రెండూ పీకేసి ఉండేవి.

"బాబాయిగారూ, కాగితాలు ఎందుకు తీశారు? నేను జవాబు ఎలా నింపను?"

"పోతే పోయింది. ఉత్తరం రాయమ్మాయ్."

"ఆయన చదవరు, వింటారంతే! అయినా మా ఆయన, మా క్యాసెట్. మధ్యలో మీకేంటండీ?"

"నాకేం లేదు," అని ఆయన తల వంచుకుని పనిలో పడేవాడు. ఆమె ఇంటికెళ్ళి విసుక్కుంటూ కొత్త కాగితాలు అంటించేది. అంటించడం ఆమె వంతు, పీకడం ఆయన వంతు. పద్దెనిమిది సార్లు ఇదే తంతు జరిగింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదన ఎందుకని ఆమె చివరకు అడగడం మానేసింది.

ఇంతలో ఆమె కూతురికి సర్వేయర్ కోర్సులో సీటొచ్చింది. రెండేళ్ళ చదువు. పొరుగూళ్ళో హాస్టల్లో ఉండాలి. తల్లి బట్టలు కొలిస్తే కూతురు నేల కొలుస్తుందని టైలరమ్మ మురిసిపోయింది. అత్తగారు మాత్రం కుర్చీలోంచి కదలకుండా కుదరదు పొమ్మంది.

"ఆడపిల్ల ఎర్రటి ఎండలో కొలత గొలుసు పట్టుకుని పొలాల వెంట తిరుగుతుందా? నా కొడుకు వింటే ఏమంటాడు?"

"అడిగి చెప్తాను అత్తయ్యా," అని టైలరమ్మ ఆ సంగతి క్యాసెట్‌కు ఎక్కించి పంపించింది. జవాబు రావడం వచ్చింది గానీ, అత్తగారు కూతురింటికి వెళ్ళిన వారంలో వచ్చింది. తల్లీ కూతుళ్ళిద్దరూ విన్నారు. ఆయన ఒప్పుకున్నాడు, మామూలుగా కాదు, నిండుమనసుతో ఒప్పుకున్నాడు. ఆ సంబరంలో టైలరమ్మ మరునాడే కాగితాలు అంటించి, ఎర్రబొత్తాం నొక్కి, గంటసేపు తన ఆనందమంతా అదే రీలు మీద పోసేసింది.

అత్తగారు తిరిగొచ్చింది.

"ఒప్పుకున్నాడా? ఏదీ, వినిపించు."

టైలరమ్మ చేతిలో సూది అలాగే ఆగిపోయింది. "అది... మీద జవాబు నింపేశాను అత్తయ్యా."

"బాగుందమ్మా. వాడు ఒప్పుకున్నాడు, నేను లేను. నేను వచ్చాను, అది లేదు."

"నిజం నానమ్మా, నాన్న ఒప్పుకున్నాడు, నేనూ విన్నాను!" అంది పిల్ల, కళ్ళనీళ్ళతో.

"నువ్వు వినకుండా ఎలా ఉంటావ్, చదువు నీదాయె. నా కొడుకు నోటితో నేను వినాలి. అప్పుడే పెట్టె తీస్తాను."

పెట్టె అంటే ఆవిడ మంచం కింది ఇనప్పెట్టె. ఇంటి కాగితాలూ పిల్ల సర్టిఫికెట్లూ అందులో ఉన్నాయి. తాళంచెవి ఆవిడ నడుముకు ఉంది. కొడుకు ఓడెక్కేటప్పుడు, "నేను లేనప్పుడు ఇంట్లో అమ్మ మాటే నా మాట," అని చెప్పి మరీ వెళ్ళాడు. సర్టిఫికెట్లు చూపించి చేరడానికి గడువు శనివారం. ఆ రోజు బుధవారం. ఓడ మళ్ళీ రేవు చేరడానికి మూడు వారాలు పడుతుంది.

గురువారం పొద్దున్నే టైలరమ్మ మిషను మీది ముసుగు కూడా తియ్యకుండా తడిక అవతలికి వెళ్ళింది. క్యాసెట్ బల్లమీద పెట్టి జరిగిందంతా చెప్పింది. "బాబాయిగారూ, మీకు దండం పెడతాను. కింద ఎక్కడో ఆయన మాటలు మిగిలే ఉంటాయి కదా? పైది తీసేసి కిందది పట్టుకోలేరా?"

"మాట మీద మాట పేర్చి ఉండదమ్మాయ్, తివాచీ మీద తివాచీ పరిచినట్టు," అన్నాడు పళ్ళ డాక్టరు. గొంతులో ఎప్పటి ఉత్సాహం లేదు. "ఎర్రబొత్తాం నొక్కితే రీలు ముందు తుడిచే తల దగ్గరికి వెళ్తుంది. అది అయస్కాంతాలన్నిటినీ చెల్లాచెదురు చేసేస్తుంది. ఆ తర్వాతే రాసే తల కొత్త వరస కూర్చోబెడుతుంది. ఆయన వరస పోయింది. నేను కాదు, నన్ను పుట్టించినవాడొచ్చినా తేలేడు."

టైలరమ్మ స్టూలు మీద కూలబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని ఆమెకూ తెలుసు. కానీ పిల్ల ముఖం కళ్ళముందునుంచి పోవడం లేదు. "అయితే పిల్ల చదువు నా చేత్తో నేనే చెరిపేశానన్నమాట," అని ఏడ్చేసింది.

పళ్ళ డాక్టరు లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. తలుపు దాకా వెళ్ళి వీధిలోకి చూసి వచ్చాడు. పదకొండేళ్ళలో ఆయన ఇంత తడబడటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"అమ్మాయ్, ఒకటి చెప్తాను. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ ముందు పూర్తిగా విను."

"చెప్పండి."

"పాఠం కాదు," అని భరోసా ఇచ్చి, గోడ అలమారా తెరిచాడు. పైఅరలో, పాత మోటార్ల వెనకనుంచి ఒక అట్టపెట్టె దించాడు. అందులో వరసగా క్యాసెట్లున్నాయి. ఒక్కోదాని మీదా తేదీ ఉంది. ఒక్కదానికీ పళ్ళు లేవు. ఆమె లెక్కపెట్టింది. పద్దెనిమిది.

"నువ్వు తిప్పమని ఇచ్చినప్పుడల్లా ఇంకోదాని మీదికి ఎక్కించాను. అందుకే గంట పట్టేది. కాగితాలు పీకి చూశాను, నువ్వు మళ్ళీ అంటించావు. చెరపొద్దంటే వినే రకం కాదని అర్థమైంది. మరి నేనేం చెయ్యను?"

టైలరమ్మ అట్టపెట్టె వైపు మళ్ళీ చూసింది. ఆ తర్వాత వచ్చిన ఆలోచనకు చెవులు వేడెక్కాయి. ఆరేళ్ళ మాటలు! మొగుడు పెళ్ళానికి చెప్పుకున్నవి! అందులో ఆయన రెండుసార్లు పాట కూడా పాడాడు.

ఆయన గాభరాపడ్డాడు. "ఒక్క ముక్క వినలేదమ్మా! నా కళ్ళ మీద ఒట్టు. ఎక్కించడానికి వినక్కర్లేదు. ఈ మిషను తలలో పుట్టిన కరెంటు ఈ తీగలోంచి నేరుగా ఆ మిషను తలలోకి పోతుంది. కాగితం ఊగదు, గాలి కదలదు, శబ్దమే పుట్టదు. స్పీకరు తీగ ఊడదీసి పక్కన పెట్టి, కరెంటు ఎంతుందో చూపించే ఆ సూది ఊగుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. సూది ఊగితే మాట్లాడుతున్నాడని, ఆగితే ఊపిరి పీలుస్తున్నాడని, అంతే. కిందటేడు ఒకసారి సూది చివరిదాకా కొట్టింది. కోప్పడ్డాడో, తుమ్మాడో నాకైతే తెలీదు."

"తుమ్మారు," అంది టైలరమ్మ. నవ్వొచ్చేసింది. ఆయన నిజమే చెప్తున్నాడని ఆమెకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. చీమ చిటుక్కుమన్నా వినబడే తడిక అది. దాని అవతలినుంచి ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మొగుడి గొంతు ఆమె చెవిన పడలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? 'మీ ఆయన మాటలు మా అలమారాలో ఉన్నాయమ్మా' అంటే ఏమనుకుంటావ్? ఆయన ఉద్యోగం చాలించుకుని ఓడ దిగిన రోజున ఇద్దరికీ కలిపి ఇద్దామనుకున్నాను."

"అసలెందుకండీ మీకింత పట్టింపు?"

ఆయన కాసేపు స్క్రూడ్రైవరు అటూ ఇటూ తిప్పాడు. "పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దావిడ మిషను తెచ్చింది. లోపల క్యాసెట్ ఉంది, నేను చూసుకోలేదు. రికార్డు అవుతోందో లేదోనని నొక్కి, 'హలో, హలో, ఒకటి, రెండు, మూడు' అన్నాను. అది ఆవిడ అన్నగారి గొంతట. అప్పటికే ఆయన లేడు. ఆవిడ నన్ను ఒక్క మాటనలేదు. నా 'ఒకటి, రెండు, మూడు' మొత్తం విని, మూసుకుని పట్టుకెళ్ళిపోయింది. తిట్టినా బావుండేది."

టైలరమ్మ స్టూలు మీదినుంచి లేచింది. చివరి తేదీ ఉన్న క్యాసెట్ తీసుకుని, చెప్పులు కూడా మరిచిపోయి ఇంటివైపు పరుగెత్తింది.

అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, "పెట్టు చూద్దాం," అంది. వినడానికి కళ్ళజోడెందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మొదటివైపంతా ఓడలో వంట ఎంత అధ్వానంగా ఉందో ఆయన చెప్పాడు. రెండోవైపు సగంలో గొంతు సవరించుకున్నాడు.

"...అమ్మ ఒప్పుకోదని నాకు తెలుసు. అమ్మా, ఇది నీకే చెప్తున్నాను. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఓడ పని వద్దని ఇంటిల్లిపాదీ అడ్డం పడ్డారు. నువ్వొక్కదానివే వెళ్ళరా అన్నావు. రేవు దాకా వచ్చి, ఏడవకుండా నిలబడి, చెయ్యూపావు. నన్ను నీళ్ళమీదికి పంపించినదానివి, మనవరాల్ని నేలమీదికి పంపించలేవా?"

అత్తగారు కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"సరిగ్గా వినబళ్ళేదు. ఇంకోసారి పెట్టు."

పెట్టారు.

"ఆ చివరి మాట నీళ్ళమీదికనేనా? ఇంకోసారి."

అలా ఏడుసార్లు పెట్టించింది. మొదటిసారికే ఆవిడ చేయి నడుము దగ్గర తాళంచెవి ముడి విప్పడం టైలరమ్మ చూసింది. మిగతా ఆరుసార్లూ పిల్ల చదువు కోసం కాదు. ఏడోసారి అయ్యాక మనవరాల్ని పిలిచి, తాళంచెవి చేతిలో పెట్టి, "గొలుసు పట్టుకోవడానికి వెళ్తున్నావు, ఎండకు టోపీ కూడా పట్టుకెళ్ళు," అంది. పిల్ల ఆవిణ్ణి కుర్చీతో సహా కావలించుకుంది.

శనివారం పిల్ల చేరిపోయింది. ఆదివారం పొద్దున, మోకాళ్ళ నొప్పులని నాలుగడుగులు కూడా నడవని అత్తగారు, కోడలి చేయి పట్టుకుని పళ్ళ డాక్టరు కొట్టుకు నడిచొచ్చింది.

"నువ్వేనా నాయనా పళ్ళ డాక్టరువి?"

"అంటారండీ," అన్నాడాయన, స్టూలు తుడిచి వేస్తూ.

"నా కొడుకు మాటలు ఆరేళ్ళు దాచి, ఒక్కటీ వినలేదట. నిజమేనా?"

"నిజమేనండీ. పరాయివాళ్ళ మాటలు, వినకూడదు కదా."

"ఇప్పుడు నేను వినమంటున్నాను. తల్లిని, నాకా హక్కుంది," అని క్యాసెట్ ఆయన చేతిలో పెట్టింది. "రెండోవైపు, చిట్టచివర. నిన్న నేనొక్కదాన్నీ కూర్చుని ఆఖరిదాకా విన్నానులే."

టైలరమ్మ గబుక్కున క్యాసెట్ అందుకోబోయింది. చిట్టచివర ఏముందో ఆమెకు తెలుసు. ఒక్కదాని చివర కాదు, పద్దెనిమిదింటి చివరా ఉన్నదదే. కాగితాలు పీకిన కోపంలో ఏనాడూ ఆయనకు చేరవెయ్యని మాట. "అత్తయ్యా, అది నేనే చెప్తాను..." అంటుండగానే అత్తగారు కళ్ళతో నోరు మూయించింది.

పళ్ళ డాక్టరు స్పీకరు తీగ తగిలించాడు. మీట నొక్కాడు. కాసేపు ఇంజను హోరు వినబడింది. ఆ హోరులోంచి ఇంజను మనిషి గొంతు వచ్చింది.

"...ఇంకేం లేదు, జాగ్రత్త. ఆ, మర్చిపోయాను. మీ పక్కకొట్టు పెద్దాయనకి నా నమస్కారం చెప్పు. ఎన్నో ఏళ్ళుగా రీలు ఒక్కచోట కూడా నలగకుండా చూస్తున్నాడు మహానుభావుడు. ప్రతిసారీ చెప్తున్నాను, చెప్తున్నావో లేదో. ఏమండీ పెద్దాయనా, నమస్కారం!"

పళ్ళ డాక్టరు చటుక్కున లేచి నిలబడ్డాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. రెండు చేతులూ జోడించి, ఆ కాగితం గరాటుకేసి కొంచెం వంగి, "నమస్కారమండీ, నమస్కారం. బాగున్నారా?" అని అడిగి, జవాబు కోసం ఆగాడు.